గేటు తెరిస్తేనే కాళీ

మూసీ మీది పురానాపూల్ దగ్గరి ఇంట్లో కూర్చుని దాండేలిలో తెప్ప ప్రయాణానికి లెక్కలు వేస్తున్నాను. పడమటి కనుమల అడవిలో కాళీ నది. గణేశ్‌గుడి దగ్గర ఉరవడి సూపా డ్యాము చేతిలో ఉంటుంది. కరెంటు కోసం నీళ్లు వదిలితేనే తెడ్డుకు పని. కాబట్టి ముందుగా అడగాల్సింది ధర కాదు, నీళ్లొదిలే వేళ.

లైఫ్‌జాకెట్ భుజాల దగ్గర పట్టి లాగితే చెవులదాకా లేవకూడదు. తెప్ప బోల్తాపడితే వెల్లకిలా, కాళ్లు దిగువకు పెట్టి తేలాలి. రాళ్లమధ్య నిలబడబోతే పాదం ఇరుక్కుంటుంది, ప్రవాహం మనిషిని ముంచేస్తుంది. ఇది మావాళ్లకు పదేపదే చెబుతున్నాను.

మా మూసీ కూడా అనంతగిరి అడవిలో పుట్టిందే. 1908 సెప్టెంబరు వరదలో వేలమంది పోయాకే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. ఇక్కడ పెరిగినవాడికి నీటిబలం ఒకరు చెప్పనక్కర్లేదు. ఈత రానివాళ్లను ఈసారి తీసుకెళ్లను, ఎంత అలిగినా సరే.