కింది మెట్టు

మా అబ్బాయి చదరంగం రేటింగు 1612. 1600 లోపు వాళ్ళకి విడిగా పెట్టే పోటీల్లో బహుమతి సొమ్ము బాగానే ఉంటుంది.

“ఒక్క ఆట చేజేతులా ఓడిపోతే చాలు వదినా! 20 పాయింట్లు పోతాయి. వచ్చే నెల జాబితాలో కిందికి దిగుతాడు. అక్కడ మనవాడికి ఎదురేది?” అన్నాడు మా మరిది, పెసరట్టు తుంచుతూ.

నిజం చెప్పొద్దూ, ఆ డబ్బుతో ఏం కొనాలో నేనప్పుడే లెక్కలు వేసుకున్నాను.

ఈ రేటింగు పద్ధతి అర్పాద్ ఎలో అనే ఫిజిక్సు ప్రొఫెసరుది. 1970లో అంతర్జాతీయ చదరంగ సమాఖ్య దాన్ని తీసుకుంది. గెలిస్తే పెరుగుతుంది, ఓడితే తగ్గుతుంది. కావాలని ఓడేవాళ్ళుంటారని పాపం అంకెలకేం తెలుసు?

“బాబాయ్, రెండేళ్ళ క్రితం నన్ను పదిహేను ఎత్తుల్లో ఓడించిన అంకుల్ కూడా ఇలాగే దిగొచ్చాడా?” అన్నాడు మావాడు.

ఆ రోజు బస్సులో ఇల్లు చేరేదాకా వీడు కిటికీ వైపే తిరిగి కూర్చున్నాడు. తనకిక ఆట రాదనుకున్నాడు. కింది మెట్టు ఇప్పుడిప్పుడే ఎక్కుతున్నవాళ్ళది. పైవాళ్ళు దిగొచ్చి దాన్ని ఆక్రమిస్తే ఆ పిల్లలు ఎక్కడ నిలబడాలి?

మరిది మాట్లాడలేదు. నా లెక్కలు నేను చెరిపేసుకున్నాను.

వాడు ఓపెన్ విభాగంలోనే ఆడాడు. తొమ్మిది ఆటల్లో గెలిచినవి రెండే. అయితేనేం, ఓడినవి కూడా నిజంగానే ఓడాడు.