తెల్లకొంగ పెట్టే పరీక్ష

కెమెరా దృష్టిలో లోకమంతా ఒక మోస్తరు బూడిద రంగు. దాని వెలుతురు లెక్కంతా ఆ నమ్మకం మీదే నడుస్తుంది. నేలపట్టు పక్షుల కేంద్రంలో కడప చెట్ల నీడ పడ్డ నల్లటి నీళ్ళ ముందు తెల్లకొంగ నిలబడిందనుకోండి. ఫ్రేములో ముప్పాతిక నలుపే కనుక కెమెరా జాలిపడి వెలుతురు పెంచేస్తుంది. నీళ్ళు చక్కగా వస్తాయి, కొంగ ఈకలన్నీ కలిసిపోయి తెల్లమచ్చ మిగులుతుంది. అదే కొంగ ఫ్రేమంతా నిండితే ఇంత తెలుపు ఉండదంటూ వెలుతురు తగ్గించి, దాన్ని మాసిన కొంగగా చూపిస్తుంది.

మాసిన కొంగను కంప్యూటర్లో ఉతకడం తేలిక. కాస్త నలుసుల్లా నాయిస్ కనిపిస్తుందంతే. మచ్చ అయిపోయిన కొంగతోనే చిక్కు. సెన్సారులోని ఒక్కో పిక్సెల్ ఒక కడవ. నిండాక పడిన వెలుతురుకు లెక్క ఉండదు. అయితే ఎరుపు, ఆకుపచ్చ, నీలం పిక్సెళ్ళు ఒకేసారి నిండవు. పగటి వెలుగులో సాధారణంగా ముందు నిండేది ఆకుపచ్చ. మిగతా రెండింటిలో చోటుంటే వాటి ఆధారంగా లైట్‌రూమ్, డార్క్‌టేబుల్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఈకల గీతలను మళ్ళీ రాబడతాయి. ఇదంతా రా ఫైలు, అంటే సెన్సారు పట్టినదంతా ఉన్న ముడి ఫైలు, ఉంటేనే. 14 బిట్ల రా ఫైలులో ఒక్కో రంగుకు 16,384 మెట్లు, జేపెగ్‌లో 256. మూడు రంగులూ 255 దగ్గర ఆగిపోయాక హైలైట్స్ ఎంత కిందికి లాగినా తెలుపు బూడిదవుతుంది కానీ ఈక రాదు.

అందుకే పక్షిని మాత్రమే మాస్క్‌తో ఎంచుకుని, ముందు హైలైట్స్, తర్వాత వైట్స్ కొద్దికొద్దిగా తగ్గించాలి. అత్యాశకు పోతే ముక్కు చుట్టూ వెలుగు అంచు తేలుతుంది. అంతకంటే మేలు, నీడ నీళ్ళ ముందు తెల్లపిట్ట కనిపించగానే ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్ దాకా తగ్గించి తీయడం.

ఇప్పుడు ఫోటోషాప్‌లో, 2023 నుంచి, అడిగితే ఈకలు గీసిపెట్టే జెనరేటివ్ ఫిల్ కూడా ఉంది. అందంగానే గీస్తుంది. కానీ జత కట్టే కాలంలో పెద్ద తెల్లకొంగ వీపు మీద పొడవాటి సన్నని కుచ్చు ఈకలు వస్తాయి. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఆడవాళ్ళ టోపీల కోసం కొంగలను చంపింది వాటికోసమే. ఆ హింసను ఆపడానికే 1896లో మసాచుసెట్స్‌లో ఆడుబాన్ సొసైటీ పుట్టింది. అతివెలుగులో మొదట మాయమయ్యేవి సరిగ్గా ఆ కుచ్చులే. పక్షి ఏ కాలంలో ఉందో చెప్పే సాక్ష్యమవి. వాటిని యంత్రం ఊహించి అతికిస్తే ఫోటో అబద్ధపు సాక్ష్యం చెబుతుంది.

కెమెరా దాచుకున్నదాన్ని బయటికి తీయడం ఎడిటింగ్. అది చూడనిదాన్ని పెట్టడం చిత్రలేఖనం. చిత్రలేఖనం తప్పేమీ కాదు, గోడకు తగిలించుకోవచ్చు. పోటీకి పంపితే మాత్రం, నిర్వాహకులు రా ఫైలు అడిగిన రోజున కొంగజపం బయటపడుతుంది.