వేట ఆగిన నెలల్లో పుస్తకం ఎక్కడుంటుంది?

మచిలీపట్నం నుంచి 216 జాతీయ రహదారి మీద పెడన దాటి పోతుంటే వరిచేలు తగ్గి రొయ్యల చెరువులు పెరుగుతాయి. కృత్తివెన్ను చేరేసరికి ఎటు చూసినా నీళ్లే. కొల్లేటి నీటిని సముద్రంలో కలిపే ఉప్పుటేరు ఈ మండలం అంచునే పారుతుంది. ఇలాంటి చోట గ్రంథాలయం ఎలా నడుస్తోందో చూద్దామని వెళ్లాను.

నేను చూసింది చిన్న గ్రంథాలయం. పత్రికల బల్ల, గోడ వారగా ఇనుప ర్యాకులు. ఉప్పుగాలికి ర్యాకుల కాళ్లు తుప్పు పట్టాయి. అన్నిటికీ అడుగు అర ఖాళీగా ఉంది.

"కింద పుస్తకాలు పెట్టనండీ. తుపానొస్తే ముందు తడిసేవి అవే. మామూలు రోజుల్లోనైనా చెమ్మెక్కి చెద పడుతుంది" అన్నారు లైబ్రేరియన్ గారు. 1977 నవంబరు 19 నాటి దివి ఉప్పెన గురించి ఈ తీరంలో అందరూ ఇంట్లో వింటూ పెరిగినవాళ్లే. ఆ ఖాళీ అర వెనక ఆ ఎరుక ఉంది.

ఆవిడ రెండు పుస్తకాలు తీసి చివరి అట్ట తిప్పి చూపించారు. పోటీ పరీక్షల పుస్తకానికి తేదీ చీటీ నిండిపోయి దాని మీద ఇంకో చీటీ అంటించారు. పక్కనున్న లావుపాటి వ్యాస సంపుటం చీటీ మీద ఒక్క ముద్రా లేదు. "కొత్త పుస్తకాలు ఏం కావాలో రాయమన్నప్పుడు ఈ చీటీలే చూస్తానండీ." పాఠకులు అడిగినా దొరకని పుస్తకాల పేర్లు రాసుకునే నోటుబుక్కు కూడా ఉంది. వనామీ పెంపకం, రొయ్యల రోగాల మీద తెలుగులో పుస్తకం ఉందా అన్న ప్రశ్న అందులో మళ్లీ మళ్లీ కనిపించింది. ఎంత పెద్ద గ్రంథాలయంలోనైనా ప్రణాళిక మొదలవ్వాల్సింది ఇలాంటి నోటుబుక్కు దగ్గరే.

పత్రిక చదువుతున్న పెద్దాయన తలెత్తి, "అంతా బానే ఉంది తల్లీ, మేం వేటకెళ్లి వచ్చేసరికి నువ్వు తాళం వేసేస్తావు" అన్నాడు.

"నిజమే బాబాయ్ గారూ, వేళలు నా చేతిలో లేవు కదా" అన్నారావిడ.

అసలు చిక్కు ఆ మాటలోనే ఉంది. పడవ మనిషికీ చెరువు కాపలా మనిషికీ ఆఫీసు వేళలు కుదరవు. అయితే తూర్పు తీరంలో మరపడవల వేటకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు నిషేధం. ఆ రోజుల్లో జాలర్లు వలలు బాగుచేసుకుంటూ ఊళ్లోనే ఉంటారు. పిల్లలకూ అందులో చాలా రోజులు వేసవి సెలవులే. పుస్తకాల పెట్టె రేవుకు వెళ్లాల్సిన రోజులంటే అవే.

పుస్తకాన్ని పాఠకుడి దగ్గరికి తీసుకెళ్లడం కొత్త ఊహ కాదు. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణకు ఆవలి గట్టున, కొల్లూరు పెదవడ్లపూడి మధ్య కాలువలో పడవ గ్రంథాలయం నడిపారు. చదివేవాళ్లు పడవల్లో తిరుగుతున్నారు కాబట్టి పుస్తకాన్నీ పడవెక్కించారు. పాఠకుడి సమయం ఆదా చేయాలని గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లోనే సూత్రంగా చెప్పారు. మన డెల్టా దాన్ని నాలుగేళ్లకే ఆచరణలో పెట్టింది.

డబ్బెక్కడిదంటారా? 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో ప్రతి రూపాయికీ 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా వసూలవుతుంది. పంచాయతీలు, మున్సిపాలిటీలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. పట్నంలో పెద్ద మేడల సెస్సు ఎక్కువ, జాలరిపేట చిన్న ఇళ్ల సెస్సు తక్కువ. జిల్లా మొత్తానికి ఒకే నిధి ఉంది కాబట్టి ఈ తేడా పూడ్చవచ్చు. ఇక్కడి సంపద ఇళ్లలో కన్నా చెరువుల్లో ఎక్కువన్నది నా కంటికి కనిపించింది. చెరువు మీద గ్రంథాలయ సెస్సు లేదు. అందుకే వసూలైన ప్రతి పైసా వేళకు జమ కావడం ఇలాంటి మండలాలకు మరీ అవసరం.

పంచాయతీ పెద్దలకు నా విన్నపం రెండే మాటలు. సెస్సు బకాయి పెట్టకండి. వచ్చే ఏప్రిల్ 15 లోపు ఒక పెట్టె పుస్తకాలు, ఒక రిజిస్టరు, సాయంత్రం రెండు గంటలు కూర్చునే మనిషిని రేవు దగ్గర ఏర్పాటు చేయించండి.