మాడు తిని... విమానమెక్కి!

గ్రేస్ బేకి వెళ్లినవాళ్లు మొదటిరోజు సముద్రం చూస్తారు. రెండోరోజూ సముద్రమే చూస్తారు. మూడోరోజు మాత్రం పొద్దున్నే లేచి ఓ కొట్టు ముందు క్యూలో నిలబడతారు. ఎందుకంటే... కుక్కపిల్ల కోసం!

బహమాస్‌కి ఆగ్నేయంగా, అట్లాంటిక్‌లో ఉన్న టర్క్స్ అండ్ కైకోస్ దీవుల ముచ్చటిది. ఇది బ్రిటన్ అధీనంలోని భూభాగమే కానీ చెల్లేది అమెరికా డాలరు. ఒకప్పుడు ఇక్కడ కొన్ని దీవులకు ఉప్పే బతుకుతెరువు. సముద్రపు నీటిని మడుల్లోకి పారించి, ఎండగట్టి, ఉప్పు పోగుచేసి ఓడలకెక్కించేవారు. ఆ ఉప్పు వ్యాపారం ఎప్పుడో పోయింది. ఇప్పుడు అన్నం పెడుతున్నది టూరిస్టులే. చిన్నాపెద్దా కలిపి 40 దాకా ఉన్న దీవుల్లో జనం ఎక్కువగా ఉండేది ప్రావిడెన్షియాలెస్‌లో. అంత పేరు పలకడం ఎందుకని అంతా 'ప్రోవో' అనేస్తారు. దాని ఉత్తర తీరమే గ్రేస్ బే. పిండి జల్లించి పోసినట్టు తెల్లటి ఇసుక. దూరంగా పగడపు దిబ్బ అడ్డం ఉండటంతో అలలు ఒడ్డుకొచ్చేసరికి మెత్తబడిపోతాయి.

ఆ తీరానికి దగ్గర్లో, టూరిస్టులు తిరిగే దుకాణాల నడుమే 'పాట్‌కేక్ ప్లేస్' ఉంది. జేన్ పార్కర్ రౌ అనే ఆవిడ మొదలుపెట్టిన స్వచ్ఛంద సంస్థ ఇది. వీధుల్లో, పొదల్లో దొరికిన కూనల్ని చేరదీసి, టీకాలు వేయించి, ఇల్లు చూసి పంపిస్తుంది. ఈలోగా వాటిని టూరిస్టులకు కాసేపు షికారుకిస్తుంది. మెడకు పట్టీ, చేతికి తాడు, నీళ్లు పోయడానికో గిన్నె... అంతే, బయల్దేరడమే. ముందొచ్చినవారికి ముందు. క్యూలో చివరున్నవాళ్లకు ఒక్కోసారి కూన దొరకదు. ఇంట్లో కుక్కని వదిలొచ్చి బెంగపెట్టుకున్నవాళ్లూ, కుక్క కావాలని ఏళ్లుగా అమ్మానాన్నల్ని పీడిస్తున్న పిల్లలూ ఆ క్యూలో ఎక్కువ కనిపిస్తారు.

అడుగంటిన అన్నం

ఇంతకీ పాట్‌కేక్ అంటే ఏమిటి? మాడు! అవును, మన గిన్నె అడుగున అంటుకునే మాడే. ఈ దీవుల్లో కందిగింజలు వేసి అన్నం వండుకోవడం ఆనవాయితీ. మన కందిపప్పు తాలూకు కందులే అవి. అడుగున గట్టిగా పేరుకున్న చెక్కని గీకి వాకిట్లో తిరిగే కుక్కలకు వేసేవారు. ఆ చెక్క పేరే కుక్కకూ వచ్చింది. మాడు గీకి వీధికుక్కకు వేయడం తెలుగిళ్లకు కొత్త కాదుగానీ, కుక్కనే 'మాడూ' అని పిలిచే ఆలోచన మనకెందుకో తట్టలేదు.

పాట్‌కేక్‌లకు జాతీ గోత్రం లేదు. వలసొచ్చినవాళ్ల ఓడల్లో దిగిన రకరకాల కుక్కలు కలిసిపోగా మిగిలినవి. పొట్టి వెంట్రుకలు, కోల మొహం, సగం మడిచిన చెవులు. మన ఊరకుక్కకు దూరపు చుట్టంలా ఉంటాయి. మనిషి పారేసింది తిని, మనిషికి దగ్గర్లోనే, అంటీముట్టనట్టు బతకడం వాటి అలవాటు.

అలా వదిలేస్తే ఏమవుతుందో ఈ దీవులకు బాగా తెలుసు. పక్కనే పైన్ కే అనే చిన్న దీవి ఉంది. 1970ల్లో అక్కడ హోటల్ కట్టడానికి వచ్చినవాళ్ల వెంట పిల్లులూ కుక్కలూ దిగాయి. వేల సంఖ్యలో ఉన్న ఇగువానాలు, అంటే ఉడుముల్లాంటి జీవులు, మూడు నాలుగేళ్లలోనే దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. ఈ ఇగువానా జాతి పుట్టినిల్లు ఇదే. కాబట్టి కూనల్ని వీధి నుంచి తీయడం కుక్కల మీద జాలి మాత్రమే కాదు. ఊళ్లోని కుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరగకపోతే ఎన్ని కూనల్ని తీసినా తరగవు. ఒక్క ఆడకుక్క ఏడాదికి రెండుసార్లు ఈనగలదు మరి.

నాలుగు రోజుల చుట్టరికం

టూరిస్టుకి గంట సరదా. కూనకి మాత్రం అది బడి. పుట్టిన మూడో వారం నుంచి మూడు నెలల లోపు చూసినవాటినే కుక్క జీవితాంతం 'మనవే' అనుకుంటుంది. గొడుగు, టోపీ పెట్టుకున్న మనిషి, కేకలేసే పిల్లలు, కాళ్ల మీదికొచ్చే అల... ఆ వయసులో పరిచయమైతే సరే, లేకపోతే పెద్దయ్యాక ప్రతిదానికీ మొరుగుతుంది, లేదా మంచం కింద దూరుతుంది. రోజుకో కొత్త చేతిలో తిరిగిన కూన కొత్తింట్లో తొందరగా ఇమిడిపోతుంది.

ఇసుకలో నడిచినవాళ్లలో కొందరు ఆ సాయంత్రమే దత్తత దరఖాస్తు అడుగుతారు. సముద్రం పక్కన పుట్టిన ప్రేమ మంచు కురిసే టొరంటోలో నిలుస్తుందా అన్నది వేరే ప్రశ్న. సెలవుల్లో ఎవరి మనసైనా కాస్త మెత్తగానే ఉంటుంది. అందుకే అడిగినవెంటనే చేతిలో పెట్టేయరు, ఇంటి సంగతులు కనుక్కుంటారు. కుక్క వద్దుగానీ సాయం చేస్తామనేవాళ్లకూ ఓ పనుంది. తిరుగు ప్రయాణంలో కూనని వెంట తీసుకెళ్లడం! సీటు కింద పట్టే బుట్టలో పెట్టుకుని తమ ఊరి విమానాశ్రయంలో దిగితే, అక్కడ కొత్త కుటుంబం ఎదురుచూస్తుంటుంది. ముక్కూమొహం తెలియని మనిషి, ముక్కూమొహం తెలియనివాళ్ల చేతిలో ఓ ప్రాణాన్ని పెట్టి ట్యాక్సీ ఎక్కేస్తాడు.

ఫొటోల్లో పడేది వీళ్లే. పడనివాళ్లు వేరే ఉన్నారు. పొద్దున క్యూ కట్టినవాళ్ల చేతికొచ్చే కూనల్లో చాలావాటి రాత్రి మకాం దీవిలోని వాలంటీర్ల ఇళ్లలోనే. పాలు మానిపించి పురుగు మందు పట్టేది, అర్ధరాత్రి ఏడిస్తే లేచేది, వరండాలో తడి చేస్తే తుడిచేది వాళ్లే. పేరూ వాళ్లే పెడతారు, కొత్తింటివాళ్లు మార్చేస్తారని తెలిసీ. ఆడపిల్లని పెంచి అత్తారింటికి పంపినట్టేనని సరదాగా అనుకోవచ్చుగానీ, ఇక్కడ పుట్టింటికి రావడం అన్నది ఉండదు. ఉండబట్టలేక సాకిన కూనని తామే ఉంచేసుకునేవాళ్లూ ఉంటారు. తప్పేం లేదు. కాకపోతే ఆ ఇంట్లో ఖాళీ పోయినట్టే. పొదల్లోంచి వచ్చే తరవాతి కూనకి చోటుండదు. సాకేవాళ్ల అసలు పని పెంచడం కాదు, వదలడం.

ఆర్నెల్ల గడువు

ఈ లెక్కంతా 2024లో ఒక్కసారిగా మారింది. ఆ ఏడాది ఆగస్టు 1 నుంచి, ఏ దేశం నుంచి వచ్చినా సరే, ఆరు నెలలు నిండని కుక్కని అమెరికాలోకి రానివ్వకూడదని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ నిబంధన పెట్టింది. ఒంట్లో మైక్రోచిప్ ఉండాలి, ముందుగా ఫారం నింపాలి. రేబిస్‌ని దూరం పెట్టడానికే ఇదంతా. ఆ ముప్పు ఎక్కువున్న దేశాల నుంచైతే కాగితాలు ఇంకా ఎక్కువ. మన దేశం ఆ జాబితాలోనే ఉంది. హైదరాబాద్ నుంచి పెంపుడు కుక్కని డాలస్ తీసుకెళ్లాలనుకునే తెలుగు కుటుంబాలకు ఆ తిప్పలు తెలిసే ఉంటాయి. టర్క్స్ అండ్ కైకోస్ ఆ జాబితాలో లేకపోయినా వయసు నిబంధన తప్పదు.

నిబంధన మంచిదే కావచ్చు. బరువు పడింది మాత్రం వరండాల మీద. రెండు మూడు నెలలకే వెళ్లిపోవాల్సిన కూన, వెళ్లేది అమెరికాకైతే, ఆర్నెల్లదాకా సాకేవాళ్లింట్లోనే ఉండాలి. అంటే మరో కూనకో, రెండు కూనలకో దక్కాల్సిన చోటుని అదే ఆక్రమిస్తుంది. అప్పటికి చెప్పులు కొరికే వయసొస్తుంది. సీటు కింది బుట్టలోనా? కాళ్లు కూడా పట్టవు. సామాన్లతోపాటు పెద్ద పెట్టెలో పంపాలంటే ఖర్చు వేరు, విమానాల కట్టుబాట్లు వేరు. పైగా ఆర్నెల్లు ఒకే మనిషి చేతి అన్నం తిన్న కుక్కకి, ఆ మనిషి తలుపు దగ్గర చెప్పులు తొడుక్కునే చప్పుడు కూడా తెలిసిపోయి ఉంటుంది.

అయినా వదులుతారు. బయల్దేరే రోజున పొద్దున్నే కాసేపు ఇసుకలో తిప్పి, పొట్ట బరువుగా లేకుండా కొద్దిగా పెట్టి, పెట్టెలో పాత తువ్వాలు పరుస్తారు. ఇంటి వాసన తగులుతూ ఉండాలని ఆ తువ్వాలు ఉతకరు. విమానాశ్రయం నుంచి తిరిగొచ్చాక మాత్రం అన్నం గిన్నె కడిగి వరండాలో బోర్లిస్తారు. అది ఆరేలోపే ఫోను మోగడం మామూలే. ఎక్కడో రోడ్డు పక్కన నాలుగు కూనలు దొరికాయని.