తూటా లెక్క తప్పితే...

తుపాకీ అనగానే మనకి సినిమా హీరో గుర్తొస్తాడు. ట్రిగ్గర్ నొక్కుతాడు, అవతలివాడు పడిపోతాడు. మధ్యలో ఏం జరిగిందో ఎవరూ చూపించరు. కోడ్ రాసి బతికేవాణ్ని కదా, నాకు ఆ మధ్యలో జరిగేదే కావాలి. పైగా మాది సీలేరు. నాన్న పవర్‌హౌస్‌లో ఉద్యోగి, నేను పెరిగింది క్వార్టర్స్‌లో. మా కొండల్లో తుపాకీ అంటే సినిమా కాదు, పంట కాపలా.

ముందు తూటా సంగతి చెప్తాను. ఇందులో నాలుగే భాగాలు. ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మందు, మూతి దగ్గర బిగించిన గుండు. మందు అంటుకోగానే గ్యాస్ పుట్టి గుండుని ముందుకు తోస్తుంది. ఎంత ఒత్తిడితో అంటే... అమెరికా సైన్యం 1906లో తీసుకున్న .30-06 అనే తూటాకి గరిష్ఠ పరిమితి 60,000 పీఎస్‌ఐ. మీ కారు టైరులో ఉండేది 30 చిల్లర. అంటే రెండు వేల రెట్లు, మీ చెంపకి జానెడు దూరంలో!

కొందరికి కంపెనీ తూటా నచ్చదు. అదే ఇత్తడి గొట్టం తీసుకుని, దాని మెడని సన్నగా నొక్కి, చిన్న గుండు బిగిస్తారు. దానికి సరిపోయేలా తుపాకీ గొట్టం లోపల కూడా కొత్తగా తొలిపిస్తారు. ఇలాంటి తూటాని ‘వైల్డ్‌క్యాట్’ అంటారు. ఏ షాపులోనూ దొరకదు, ఎవరిది వాళ్లే చేసుకోవాలి. మన భాషలో చెప్పాలంటే స్టాండర్డ్ కోడ్‌ని ఫోర్క్ చేయడం. .30-06 మెడ నొక్కగా పుట్టిన .25-06 కూడా అలా దశాబ్దాల పాటు ఇళ్లలోనే తయారైంది. 1969లో రెమింగ్టన్ కంపెనీ దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. ఫోర్క్ వెళ్లి మెయిన్ బ్రాంచ్‌లో కలిసిందన్నమాట.

మా టీమ్‌లో అమెరికాలో స్థిరపడిన తెలుగాయన ఒకరున్నారు. ఈ పిచ్చి ఆయనకీ ఉంది. సొంత వాడకానికి తూటాలు చేసుకోవడం అక్కడ చట్టం ఒప్పుకుంటుంది. ఆయన మందుని ‘గ్రెయిన్’లలో తూస్తారు. ఒక గ్రెయిన్ అంటే గ్రాములో సుమారు పదిహేనో వంతు. నన్ను ఆకట్టుకున్నది ఆ త్రాసు కాదు, ఆయన నోట్‌బుక్. మందు డబ్బా మీది లాట్ నంబర్ కూడా రాస్తారు. అదే కంపెనీ, అదే రకం మందే అయినా లాట్ మారితే పాత లెక్క నమ్మరు. తక్కువ నుంచి మళ్లీ మొదలుపెడతారు.

ఆ మాట విన్నప్పుడు నాకు మా ఊరి అవతలి కొండ మీద ఉండే తాత గుర్తొచ్చాడు. ఆయన కుడిచేతికి రెండు వేళ్లు లేవు. చోడి పంట మీద అడవిపందులు పడితే నాటు తుపాకీతో కాపలా కాసేవాడు. మూతిలోంచి మందు పోసి, గుండు వేసి దట్టించే రకం. ఒక రాత్రి గొట్టమే పేలిపోయింది. “మందు ఎక్కువ పోశావా తాతా?” అని అడిగితే ఆయన చెప్పిన జవాబు నేనెప్పటికీ మర్చిపోను.

“రోజూ పోసినంతే పోశాను బాబూ.”

అంతే పోశాడు. మందు వేరు. నలుసు సన్నగా ఉంటే మందు త్వరగా మండుతుంది, ఒత్తిడి అమాంతం పెరుగుతుంది. ఆయన గొట్టం ఎంత తట్టుకుంటుందో ఎవరూ పరీక్షించలేదు. ఆ మందు డబ్బాకి లాట్ నంబర్ లేదు. పరీక్ష జరిగింది ఆయన చేతిలోనే.

తూటా లెక్క మా కొండలకి కొత్త కాదు. సీలేరు నుంచి విశాఖ వెళ్లేదారిలో చింతపల్లి తగులుతుంది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దాడి చేసింది అక్కడి పోలీస్ స్టేషన్ మీదే. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మూడు చోట్లా కలిపి 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు దొరికాయి. భాగించి చూడండి, ఒక్కో తుపాకీకి వంద కూడా రావు. అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరం వెళ్లేసరికి స్టేషన్లలో ఆయుధాలు లేవు. తుపాకీని లాక్కోవచ్చు. దానికి సరిపడే తూటాని మాత్రం అడవిలో తయారుచేయలేరు. అలాంటి లెక్కతో పోరాటం 1924 మే దాకా సాగిందంటే ఆలోచించండి.

ఈ కిటుకు తెల్లవాళ్లకి బాగా తెలుసు. సైన్యం వాడే .303 తూటా జనం చేతికి అందకూడదని ఆ సైజు తుపాకుల్ని ప్రజలకి నిషేధించారు. మన దేశంలో పౌరులకి లైసెన్సు మీద అమ్మే .315 రైఫిల్ ఆ పద్ధతి నుంచే వచ్చింది. సైజు వేరైతే సర్కారు తూటా అందులో పట్టదు. తూటా ఎవరి చేతిలో ఉంటే పగ్గం వాళ్ల చేతిలో ఉన్నట్టే.

మొన్న వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ఉన్నప్పుడు తాత మనవడు వచ్చాడు. డిగ్రీ చదువుతున్నాడు. తాత తుపాకీ ఎప్పుడో పోలీసులకి అప్పగించేశారు, పందులు మాత్రం రావడం మానలేదు. ఫోన్‌లో ఏవో వీడియోలు చూపించి, “అన్నా, నువ్వు ఇంజినీర్‌వి కదా, మందు లెక్క కట్టివ్వు” అన్నాడు.

నేను ఇవ్వలేదు. లైసెన్సు లేకుండా తుపాకీ గానీ తూటా గానీ తయారుచేస్తే ఆయుధాల చట్టం ప్రకారం జైలుకే. అదొక్కటే కారణం కాదని కూడా చెప్పాను. “లెక్క అంటే ఒక అంకె కాదురా. గొట్టం ఏ ఉక్కుదో, మందు ఏ లాటుదో, ఎక్కడ ఆపాలో ముందే పరీక్షించి చెప్పేవాళ్లు ఉండాలి. ఆ వీడియోలో కుర్రాడి వెనక అదంతా ఉంది. నీ వెనక ఏముంది?”

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “మరి పందులకి ఎవరు చెప్తారన్నా?” అన్నాడు.

న్యాయమైన ప్రశ్న. 1959 నాటి ఆయుధాల చట్టంలోనే పంట కాపలా కోసం మూతిలోంచి మందు కూరే తుపాకీకి లైసెన్సు అడిగే వీలుంది. ఆ మాట వాడికి తెలీదు, వాళ్ల తాతకీ ఎవరూ చెప్పలేదు. లైసెన్సు వచ్చినా అడవిపందిని కాల్చాలంటే వన్యప్రాణుల చట్టం వేరే ఉంది, అదీ చెప్పాను. రెండు చట్టాలూ తెలుగులో వాడికి అర్థమయ్యేలా నాలుగు పేజీలు రాసిచ్చాను. తుపాకీ కావాలో వద్దో ఇంట్లో కూర్చుని తేల్చుకుంటామన్నాడు.

ఈలోగా చోడి కంకి పట్టింది. మంచె మీద వంతులు వేసుకున్నారు. టార్చి, రేకు డబ్బా, నిద్రపట్టని నలుగురు. బుధవారం వంతు నాది.