పేరు చెప్పనక్కర్లేదు

"పేరు చెప్పనక్కర్లేదమ్మా! ఎవరిమీదైనా అనుమానం ఉంటే చాలు. చీటీ మీద రాసి ఇందులో వేసేయండి. మిగతాది మేం చూసుకుంటాం."

రెండేళ్ల కిందట మా కాలనీ కమ్యూనిటీ హాల్లో ఇన్‌స్పెక్టర్ అన్న మాట ఇది. హైదరాబాద్‌లో ఇలాంటి కాలనీలు వందలున్నాయి, మాది ఏదైతేనేం. ముందువరస కుర్చీల్లో అసోసియేషన్ పెద్దలు, వెనక వరసల్లో ఆడవాళ్లం. టీ, ఉస్మానియా బిస్కెట్లు ఇచ్చారు. మీటింగయ్యాక తాళం వేసిన ఎర్ర రేకుడబ్బా ఒకటి నోటీసు బోర్డు పక్కన బిగించారు. తాళంచెవి స్టేషన్లోనే ఉంటుందన్నారు గానీ, నెల తిరక్కుండానే అది సెక్రటరీగారింటికి చేరింది. డబ్బా తెరవడానికి వారం వారం మనిషిని పంపడం స్టేషన్ వాళ్లకి కుదరలేదట.

పోలీసులూ ప్రజలూ కలిసి పనిచెయ్యాలన్న మాట మనకి కొత్తది కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2000ల మొదట్లోనే 'మైత్రి' సంఘాలన్నారు. తర్వాత కెమెరాలొచ్చాయి. జనం ఎక్కువగా వచ్చిపోయే చోట్లన్నీ సీసీ కెమెరాలు పెట్టాలని 2013లో చట్టమే చేశారు. కాలనీల వాళ్లు చందాలేసుకుని వీధుల్లో కెమెరాలు పెట్టుకునే పథకానికి హైదరాబాద్ పోలీసులు 'నేను సైతం' అని పేరు పెట్టారు. శ్రీశ్రీ దగ్గర తీసుకున్న పేరు! మా ఇంటి వాటా చందా అడగడానికి వచ్చినప్పుడు నాకు నవ్వాగలేదు. వచ్చినాయన నొచ్చుకున్నాడు.

డబ్బాలో చీటీలు బాగానే పడ్డాయి. మొదటి మూడు నెలల చీటీలనీ సెక్రటరీగారు ఒక మీటింగులో చదివి వినిపించారు, అందరికీ తెలియడం మంచిదని. చెత్త ఏరుకునే ఆడవాళ్లు మధ్యాహ్నం పూట గేట్లలోకి తొంగి చూస్తున్నారు. మూలఇంటి పెంట్‌హౌస్‌లో ఉంటున్న ఇద్దరమ్మాయిలకి తెల్లవారుజామున మూడింటికి క్యాబ్ వస్తోంది. ఫలానా ఇంట్లో అద్దెకి దిగిన 'వాళ్ల' ఇంటికి చాలామంది వచ్చిపోతున్నారు. ('వాళ్లు' అంటే ఎవరో హాల్లో ఎవరికీ చెప్పక్కర్లేకపోయింది.) దుకాణాల దగ్గర హిజ్రాలు తిరుగుతున్నారు. పిల్లలు జాగ్రత్త.

ఆ చివరి చీటీ విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని ఫోన్ల నిండా మెసేజీలు వచ్చాయి, గుర్తుందా? వాటిని ఎవరు పుట్టించారో, ఎవరు ముందు పంపారో పేర్లు లేవు. చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్ మహిళని జనం కొట్టి చంపారు. అంతకుముందు వందేళ్లుగా ఈ నేల మీద వాళ్ల పేర్లు రిజిస్టర్లో రాసి ఉంచమనే చట్టం ఒకటి ఉంది. 1919 నాటి నిజాం కాలపు చట్టం. 2023లో గానీ తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టెయ్యలేదు. వాళ్ల పేర్లేమో రిజిస్టర్లో ఉండాలి. వాళ్లమీద చెప్పేవాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా ఉండక్కర్లేదు!

మీటింగులో నేనేమైనా మాట్లాడానా? లేదు. ఇంటికొచ్చి చాలాసేపు మాట్లాడుకున్నాను, నాతో నేనే.

నోరు మెదపకపోవడానికి నాకో కారణం ఉంది. అప్పట్లో వేరే పేటలో ఉండేవాళ్లం. ఇంట్లో రెండు తులాల గొలుసు కనబడలేదు. స్టేషన్‌కి వెళ్తే రాసుకునే ఆయన తలెత్తకుండానే "ఎవరిమీదైనా అనుమానం ఉందా?" అని అడిగాడు. "పనమ్మాయి వస్తుంది" అన్నాను. అంతే. నా దృష్టిలో అది అనుమానం కూడా కాదు, ఇంట్లోకి ఎవరెవరు వస్తారో చెప్పాననుకున్నాను. మర్నాడు పొద్దున తీసుకెళ్లి చీకటిపడ్డాక వదిలారట. అక్కడేం జరిగిందో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. ఆ నెల పదకొండు రోజుల జీతం కోసం రెండురోజుల తర్వాత వచ్చి గేటు బయటే నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు. డబ్బు లెక్కపెట్టుకుని, "మీరు నా పేరు చెప్పలేదన్నారమ్మా, పోలీసులు. మీ ఇంటికి వచ్చేది నేనొక్కదాన్నే కదా" అంది. గొలుసు ఎప్పటికీ దొరకలేదు. కాబట్టి ఆమె తియ్యలేదని రుజువుతో చెప్పే వీలు కూడా నాకు లేకుండా పోయింది. అయినా రుజువు దొరికితే తప్ప నాకు సిగ్గెయ్యదా అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

ఆ రోజుల్లోనే నేను రమీజాబీ గురించి క్లాసులో చెప్పేదాన్ని. 1978లో రెండో ఆట సినిమా చూసి వస్తున్న ఆమెనీ, భర్త అహ్మద్ హుస్సేన్‌నీ నల్లకుంట పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్లడం, ఆమె మీద అత్యాచారం, భర్తని కొట్టి చంపడం, జస్టిస్ ముక్తదర్ కమిషన్, చివరికి కోర్టులో పోలీసులు నిర్దోషులుగా బయటపడటం. విచారణ జరిగింది పోలీసుల మీద. చర్చంతా ఆమె నడవడిక మీద. ఆమె ఎలాంటిదో చెప్పడానికి సాక్షుల్ని తెచ్చారు. ఇదంతా పిల్లలకి ఆవేశంగా చెప్పి ఇంటికొచ్చి, నా గొలుసు కోసం నా ఇంట్లో పనిచేసే మనిషిని స్టేషన్‌కి అప్పజెప్పాను. ఈ రెండూ ఒకే మనిషి చేసిందంటే ఇప్పటికీ నాకే నమ్మబుద్ధి కాదు.

ఇక అసలు సంగతి. మేముండేది కింద పోర్షన్లో. పై పోర్షన్లో ఒక జంట, పెళ్లయి మూడేళ్లు. రాత్రి పదిన్నర, పదకొండు మధ్య మొదలయ్యేది. ముందు కుర్చీ జరిపిన చప్పుడు. తర్వాత అతని గొంతు. తర్వాత ఒక దెబ్బ, గోడకి తగిలిందో మనిషికి తగిలిందో తెలియకుండా. ఆమె గొంతు మాత్రం ఎప్పుడూ వినిపించేది కాదు. కాలనీలో ఆ ఇంటికి ఆనుకుని నాలుగిళ్లున్నాయి. నాలుగిళ్లకీ వినబడేది. ఎర్రడబ్బాలో దాని గురించి ఒక్క చీటీ పడలేదు. పెంట్‌హౌస్ అమ్మాయిల క్యాబ్ చప్పుడుకి నిద్రాభంగమయ్యే వాళ్లందరికీ ఈ చప్పుడు మాత్రం జోలపాటలా ఉన్నట్టుంది.

గృహహింస నిరోధక చట్టంలో నాకు బాగా నచ్చే సెక్షన్ ఒకటుంది, నాలుగోది. హింస జరుగుతోందనో, జరగబోతోందనో నమ్మడానికి కారణం ఉన్న ఎవరైనా సరే రక్షణాధికారికి చెప్పొచ్చు. సదుద్దేశంతో చెప్పినవాళ్ల మీద సివిల్ కేసు గానీ క్రిమినల్ కేసు గానీ ఉండదు. 2005లో చట్టం వచ్చినప్పుడు దీని గురించి మహిళా సంఘాల మీటింగుల్లో ఎంత ఉత్సాహంగా చెప్పుకున్నాం! 'వాళ్ల ఇంటి గొడవ మనకెందుకు' అనే మాటకి చట్టం జవాబిచ్చిందనుకున్నాం. కానీ 498ఏ దగ్గరికి వచ్చేసరికి కథ వేరు. ఆ సెక్షన్ కింద పోలీసులు తమంతట తాము కేసు కట్టాలంటే ఆ సమాచారం బాధితురాలే ఇవ్వాలి, లేదా ఆమెకి రక్తసంబంధం వల్లో, పెళ్లి వల్లో, దత్తత వల్లో బంధువయినవాళ్లు ఇవ్వాలి. అలాంటి బంధువు ఎవరూ లేకపోతే ప్రభుత్వం చెప్పిన అధికారి ఇవ్వాలి. 2024 జూలై నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్ అయింది గానీ ఈ షరతు మారలేదు. పక్కింటామె మాట అక్కడ చెల్లదు. పెంట్‌హౌస్ అమ్మాయిల మీద పడిన చీటీకి ఇలాంటి షరతేమీ లేదని గమనించండి.

ఒక రాత్రి భరించలేక 100కి ఫోన్ చేశాను. పేరు చెప్పడం ఇష్టం లేదన్నాను. పర్లేదు మేడం, అడ్రస్ చెప్పండి అంది అవతల అమ్మాయి, మర్యాదగానే. ఇరవై నిమిషాల్లో బండి మీద ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చారు. త్వరగా వచ్చారు, ఆ మాట ఒప్పుకోవాలి. మా గేటు ముందు నిలబడి నా నంబరుకే ఫోన్ చేశారు. నా ఫోన్ హాల్లో మోగింది. "కంప్లైంట్ ఇచ్చింది మీరేనా మేడం? ఏ ఫ్లోర్?" ఆ అడగడం వీధంతా విన్నది. పై పోర్షన్ కిటికీలో దీపం ఆరింది. వాళ్లు పైకెళ్లి తలుపు కొట్టారు. టీవీ సౌండ్ సార్, అన్నాడతను. అమ్మా నువ్వు చెప్పు, అన్నారు. ఏం లేదు సార్, అంది. అయిదు నిమిషాల్లో దిగి వెళ్లిపోయారు.

నాలుగు రోజులు ఆ అమ్మాయి కిందకి రాలేదు. అయిదోరోజు అతను ఆఫీసుకెళ్లాక వచ్చింది. జుట్టు చెంప మీదకి వేసుకుని ఉంది.

"ఆంటీ, మీరే కదా చేసింది?"

అబద్ధం చెప్పలేకపోయాను.

"ఈసారి వాళ్లకి చెయ్యొద్దు. వాళ్లు వెళ్లిపోయాక ఇంకా..." అని ఆపేసింది. కాసేపాగి, "మీరే రండి ఆంటీ. బెల్ కొట్టండి. పెరుగు తోడు కావాలని అడగండి. ఏదో ఒకటి. మీరు గుమ్మంలో నిలబడితే ఆగుతాడు" అంది.

బ్రేక్‌థ్రూ సంస్థ వాళ్లు 2008లో 'బెల్ బజావో' అని ప్రచారం చేశారు. పక్కింట్లో హింస వినబడితే వెళ్లి బెల్ కొట్టండి, అని. అప్పుడు టీవీలో ఆ ప్రకటనలు చూసి, ఇదేం పరిష్కారం, వ్యవస్థని వదిలేసి బెల్ కొట్టమంటారేమిటి అని విమర్శించినవాళ్లలో నేనూ ఉన్నాను. వ్యాసం కూడా రాశాను. ఆ అమ్మాయి ఆ ప్రకటనలు చూసి ఉండదు. అవి వచ్చేనాటికి తను స్కూల్లో ఉండుంటుంది.

నేను వెళ్లడం మొదలుపెట్టాను. మొదటిసారి మెట్లెక్కుతుంటే కాళ్లు వణికాయి. రాత్రి పదకొండింటికి చేతిలో స్టీలు గిన్నె పట్టుకుని, "పాలు కాచాను, తోడు లేదమ్మా" అని. అతను తలుపు తీసి నన్ను చూసిన చూపు చెప్పలేను. కానీ పెద్దదాన్ని, ఏమనడానికీ నోరు రాలేదు. "ఇస్తుంది, కూర్చోండి" అన్నాడు. కూర్చున్నాను. పావుగంట కూర్చున్నాను. ఆ రాత్రి మళ్లీ చప్పుడు రాలేదు. ఇలా ఎన్నిసార్లు వెళ్లానో లెక్కపెట్టలేదు. మా ఫ్రిజ్‌లో పెరుగు గిన్నెలు పెరిగిపోయాయి, రోజూ మజ్జిగ పులుసే! ఇది శాశ్వత పరిష్కారం కాదని నాకు తెలుసు, ఆ అమ్మాయికి ఇంకా బాగా తెలుసు. సఖి కేంద్రం గురించి, 181 గురించి చెప్పాను. విని, "చూద్దాం ఆంటీ" అనేది.

అలాగని పేరు దాచి చెప్పడమే తప్పని అంటానా? అనలేను. షీ టీమ్స్‌కి వాట్సాప్‌లో చెప్పే వీలుంది, చెప్పినవాళ్ల వివరాలు బయటపెట్టమంటారు. 2014 అక్టోబర్‌లో మొదలయ్యాయవి. పేరు బయటపడితే మర్నాటి నుంచి ఇంట్లోవాళ్లు కాలేజీ మానిపించేస్తారని భయపడే పిల్లలకి అది ఎంత ఊరటో నాకు తెలుసు. నా బాధ వేరే చోట ఉంది.

మా ఇంట్లో పనిచేసే ఆమె ఒకరోజు గిన్నెలు తోముతూ, తను పనిచేసే ఇంకో ఇంట్లో పదేళ్ల పిల్లని ఊరి నుంచి తెచ్చి పెట్టుకున్నారనీ, చేతి మీద వాతలున్నాయనీ చెప్పింది. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదని 2016లో చట్టాన్ని సవరించారు. వాతల సంగతి సరేసరి. 1098కి నేనే ఫోన్ చేశాను. ఈసారి అధికారులు వచ్చారు, పిల్లని తీసుకెళ్లారు, మంచే జరిగింది. నా పేరు ఎక్కడా రాలేదు. కానీ ఆ వంటింట్లోకి వెళ్లేది ఎంతమంది? ఒక్కరే. ఆ వారంలో మా పనామెకి నాలుగిళ్లు పోయాయి. ఎవరూ ఆమెని ఏమీ అడగలేదు, రేపట్నుంచి రావద్దన్నారంతే. "మీరు నా పేరు చెప్పలేదు, నాకు తెలుసమ్మా" అని ఆమే నన్ను ఓదార్చింది. ఆ మాట నేను అంతకుముందు ఒకసారి, ఒక గేటు దగ్గర, ఇంకోలా విన్నాను.

పేరు దాచుకునే సౌకర్యం కూడా అద్దెకి దొరకని వస్తువులాంటిదే. నాలుగిళ్ల మధ్య ఉన్నవాళ్లం, ఎవరు రాశారో ఎవరికీ తెలియదు, నలుగురిలో కలిసిపోతాం. ఆమె ఎక్కడ కలుస్తుంది? ఆ గదిలో గుమ్మం బయట చెప్పులు విప్పి లోపలికి వెళ్లేది తనొక్కతే. పైగా వీధిమొగలో కెమెరా, మా గేటెదురుగా ఇంకోటి. ఆమె ఎన్నింటికి వచ్చిందో, ఎన్నింటికి వెళ్లిందో రికార్డులో ఉంటుంది. వాతలు పెట్టిన వంటింట్లో కెమెరా లేదు.

ఈ ఏడాది మొదట్లో జరిగిన మీటింగులో ఆ డబ్బా తీసెయ్యమని అడిగాను. కనీసం చీటీలు అసోసియేషన్ వాళ్లు చదవకూడదన్నాను. "మీకెందుకు మేడం, మీమీద ఏం పడలేదు కదా" అన్నారెవరో. అందరూ నవ్వారు. మీటింగయ్యాక సెక్రటరీగారు నన్ను పక్కకి పిలిచి జేబులోంచి ఒక చీటీ తీసి చేతిలో పెట్టారు. మంచివాడే, అందరి ముందూ చదవలేదు. 'కింద పోర్షన్ ఆవిడ రాత్రిళ్లు పై పోర్షన్‌కి వెళ్లి భార్యాభర్తల మధ్య గొడవలు పెడుతున్నారు. కెమెరాలో చూడగలరు.' దస్తూరీ గుండ్రంగా, చక్కగా ఉంది. తెలిసినట్టే ఉంది. గుర్తుపట్టడానికి ప్రయత్నించకూడదని నాకు నేను చెప్పుకున్నాను, కానీ వీధిలో ఎవరు నమస్కారం పెట్టినా ఆ చేతివంకే చూస్తున్నాను.

పెంట్‌హౌస్ అమ్మాయిలని ఓనరు మార్చి చివర్లో ఖాళీ చేయించాడు. పై పోర్షన్ వాళ్లు మే నెలలో వెళ్లిపోయారు. అతనికి ట్రాన్స్‌ఫర్ అట. సామాను ఎక్కిస్తుంటే ఆ అమ్మాయి నా స్టీలు గిన్నె తిరిగి ఇవ్వడానికని వచ్చింది. అందులో మడిచిన కాగితం ముక్క మీద ఒక ఫోన్ నంబరుంది. తనది కాదు, వాళ్లమ్మది. పేరు రాయలేదు.