కుదురు

మొన్న ఆదివారం భోజనాలయ్యాక మా మేనల్లుడు టీవీలో జెట్ లీ సినిమా పెట్టాడు. ‘ఫియర్‌లెస్’, 2006లో వచ్చింది. నేను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. తన్నులాటలు నడిచినంతసేపూ వాడు గుడ్లప్పగించి చూశాడు. హీరో ఊరొదిలి పోయి, కొండల మధ్య ఏదో పల్లెలో వరి మడిలోకి దిగాడో లేదో, రిమోట్ అందుకుని చకచకా ముందుకు తోసేశాడు.

‘‘ఒరేయ్, ఆగరా’’ అన్నాను.

‘‘ఏవుంది మావయ్యా అందులో, పొలం పనేగా!’’

ఆ మాటతో తిన్నది అరగలేదు. వాడు చెడ్డవాడేం కాదు. ఊడ్పులంటే ఏమిటో, కుప్పనూర్పులంటే ఏమిటో తెలియకుండా ఇంజనీరింగు మూడో ఏడాదికి వచ్చాడు. అందులో వాడి తప్పు లేదు, మా చెల్లెలిది ఉంది. కానీ ఆ సినిమాలో చూడదగిందేదైనా ఉంటే అది ఆ వరి మడే. మిగతాది ఎగిరెగిరి దంచడం. ఎగిరెగిరి దంచినా అదే కూలి, ఎగరకుండా దంచినా అదే కూలి అని మనవాళ్ళు ఎప్పుడో తేల్చేశారు.

చూడనివాళ్ళ కోసం కథ కాస్త చెప్పుకోవాలి. హీరో పేరు హువో యువాన్జియా, తియాన్‌జిన్ పట్నంలో కుంగ్‌ఫూ వస్తాదు. చిన్నప్పుడు ఉబ్బసం పిల్లాడు. వాళ్ళ నాన్న పోటీలో ఓడిపోతే ఆ అవమానం వీడి గుండెల్లో గడ్డ కట్టింది. నాన్న చేతకాక ఓడిపోలేదు, ప్రాణం తీసే దెబ్బ కొట్టబోయి చెయ్యి ఆపుకున్నాడు. ఆ సంగతి కుర్రాడి బుర్రకి ఎక్కడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. పెద్దయ్యాక ఊళ్ళో అందర్నీ వరసపెట్టి కొట్టాడు. వెనకాల శిష్యులు, ముందర సారా జాడీలు, బిల్లు స్నేహితుడి హోటల్ పద్దులో. ఓ శిష్యుణ్ణి ఛిన్ అనే ఇంకో గురువు చావగొట్టాడని తెలిసి, ఎందుకు కొట్టాడని కూడా అడక్కుండా, ఆయన పుట్టినరోజు విందుకి పోయి కయ్యానికి దిగాడు. వద్దురా అని స్నేహితుడు కాళ్ళావేళ్ళా పడ్డాడు. వింటేనా! బల్లలన్నీ విరిగాయి, స్నేహం విరిగింది, ఛిన్ చచ్చిపోయాడు. ఆయన పెంపుడుకొడుకు వచ్చి వీడి తల్లినీ కూతుర్నీ చంపేశాడు. అంతా అయ్యాక తేలిందేమిటంటే, తప్పు శిష్యుడిదే. ఛిన్ గారి ఉంపుడుగత్తె జోలికి పోయి తన్నులు తిని వచ్చాడు.

ఇక వీడు ఒళ్ళు తెలియకుండా దేశాల మీద పడి, నీళ్ళలో మునిగి, ఒక ముసలమ్మ ఇంట్లో తేలతాడు. ఆవిడ దగ్గర కళ్ళు లేని పిల్ల ఒకతె ఉంటుంది. వీణ్ణి ఊడ్పులకి తీసుకెళ్తారు. అందరూ తీరుబడిగా నాటుకుంటూ పోతుంటే ఇతగాడు అక్కడా పందెమే అనుకుంటాడు. పక్కవాడికంటే ముందు గట్టు చేరాలి. కుచ్చులు కుచ్చులుగా గుచ్చేసి, అందరికంటే ముందు ఒడ్డెక్కి నడుం మీద చేతులేసుకుని నిలబడతాడు. గాలి వీస్తే పల్లె పల్లెంతా పని ఆపి గాలికి మొహం పెట్టి నిలబడుతుంది. వీడు మాత్రం వంగినవాడు లేవడు. రాత్రి ఆ గుడ్డిపిల్ల ఒక్కతే మడిలోకి దిగి, వాడు నాటిందంతా పీకి, ఎడం ఎడంగా మళ్ళీ నాటుతుంది.

మావాడు తోసేసింది దీన్ని.

ఇక్కడ నాకు ఇంకో పేచీ ఉంది, ఇది సినిమావాళ్ళతో. హువో యువాన్జియా నిజంగా ఉన్న మనిషి. 1868లో తియాన్‌జిన్ దగ్గర షియావోనాన్హె అనే పల్లెలో పుట్టాడు. వాళ్ళింటి విద్య మిజోంగ్, ‘అడుగుజాడ దొరకనిది’ అని అర్థం. పిల్లాడు రోగిష్టి, నీకెందుకురా అని తండ్రి నేర్పలేదట. చాటునుంచి చూసి, రాత్రిళ్ళు ఎవరూ లేనిచోట సాధన చేశాడని చెప్పుకుంటారు. పట్నంలో బరువులు మోశాడు, మందుల కొట్లో పనిచేశాడు. షాంఘై వెళ్ళి 1910లో జింగ్వు అనే వ్యాయామశాల పెట్టాడు. ఏ గురువు విద్య ఆ గురువు తడికె వెనక దాచుకునే కాలంలో, రకరకాల విద్యలవాళ్ళు ఒకే కప్పు కింద నేర్పే చోటు అది. తర్వాత్తర్వాత దేశదేశాలకి పాకింది. ఆయన మాత్రం అదే ఏడు పోయాడు, నలభై రెండేళ్ళకి. విషం పెట్టారంటారు, జబ్బంటారు, ఇప్పటికీ తేలలేదు.

ఈ మనిషికి తల్లినీ బిడ్డనీ పోగొట్టుకునేంత పొగరు ఉన్నట్టు నేను ఎక్కడా చదవలేదు. సినిమావాళ్ళు లేని పొగరు అంటగట్టి, ఆనక దాన్ని దించి, చూశారా ఎంత వినయమో అన్నారు. వంశం తుడిచిపెట్టుకుపోయినట్టు చూపించారని మనవడొకాయనకి మండి కోర్టుకెళ్ళాడు. కోర్టు కొట్టేసింది. మనవడి తరఫున నాకూ కొంచెం మంటగానే ఉంది. అయితే ఆ అబద్ధంలోంచే వరి మడి పుట్టింది కాబట్టి నోరు మూసుకుంటాను.

అసలు ఈ హువో గారి నీడ మా చిన్నప్పుడే మా మీద పడింది, మాకు తెలియలేదంతే. బ్రూస్‌లీ 1972 సినిమా ‘ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ’ గుర్తుందా? గురువుని విషం పెట్టి చంపారని శిష్యుడు రెచ్చిపోతాడు. చచ్చిపోయిన ఆ గురువు ఈయనే. శిష్యుడు కల్పన, గురువు నిజం. మా ఊరి టూరింగ్ టాకీసులో నేల టిక్కెట్టు కోసం చొక్కాలు చింపుకున్న మాలో ఎవరికీ ఆ గురువు పేరు పట్టలేదు. మాకు కావలసింది ఆ శిష్యుడు తిప్పే గొలుసు కర్రలు. రెండు రోకలి ముక్కలకి సైకిల్ గొలుసు కట్టి తిప్పి, నా ముందుపన్ను నేనే విరగ్గొట్టుకున్నాను. ఆ పన్ను ఇప్పటికీ కట్టుడు పన్నే.

ఆ ఊపులోనే మా ఊరికి కరాటే మాస్టారు వచ్చాడు. సుమన్, భానుచందర్ తెరమీద కాళ్ళు లేపుతున్న రోజులు. హైస్కూలు గ్రౌండులో సాయంత్రం అయిదింటికి క్లాసు, నెలకి పదిహేను రూపాయలు. తెల్ల బట్టలు ఆయనే కుట్టించి ఇస్తాడు, దానికి వేరే. మాస్టారు రాగానే వంగి ‘ఓస్’ అనాలి. తెలుగులో ఆ మాటకి అర్థం ఏమిటో మాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. నవ్వినవాడికి పది బస్కీలు.

ఆయన ఘనకార్యమంతా ఆగస్టు పదిహేనుకీ జనవరి ఇరవై ఆరుకీ ఉండేది. ఎమ్మార్వో గారి ముందు ఎనిమిది మంగుళూరు పెంకులు దొంతి పెట్టించి, ‘హా’ అని అరిచి అరచేత్తో పగలగొట్టేవాడు. ఊరంతా చప్పట్లు. పెంకులు మోసుకొచ్చే పని నాది. ఒకసారి గుడ్డ తీసి దొంతి పేరుస్తుంటే, ప్రతి పెంకుకీ అడుగువైపు నడిమధ్య ఆకురాయితో కోసిన గీత కనబడింది. సన్నగా, తిన్నగా, ఎనిమిదింటికీ ఒకే చోట. నాకు పద్నాలుగేళ్ళు. మనసులో మాట కడుపులో ఆగే వయసు కాదు. ‘‘మాస్టారూ, గీతలున్నాయండీ’’ అన్నాను, ఆయనకి సాయం చేస్తున్నాననే అనుకుంటూ.

ఆయనేం మాట్లాడలేదు. పెంకులు పగలగొట్టాడు, శాలువా కప్పించుకున్నాడు. మర్నాడు క్లాసులో నన్ను పిలిచి కిబా డాచిలో నిలబెట్టాడు. కాళ్ళు ఎడంగా పెట్టి, గుర్రమ్మీద కూర్చున్నట్టు గాల్లో కూర్చోవడం. చైనావాళ్ళు దాన్నే మాబు అంటారు. మా బళ్ళో దాన్నే గోడకుర్చీ అనేవారు. బళ్ళో వీపుకి గోడ ఉండేది, అంతే తేడా. దీపాలు పెట్టే వేళ దాకా ఉంచాడు. తొడలు మండాయి, తర్వాత వణికాయి, తర్వాత నావి కావన్నట్టు అయిపోయాయి. ‘‘గురువుని అనుమానించేవాడికి విద్య రాదు’’ అని మిగతా పిల్లలకి పాఠం చెప్పాడు. తర్వాత పసుపు బెల్టుకి యాభై రూపాయలు తీసుకుని, జపాన్ నుంచి తెప్పించానని సర్టిఫికెట్ ఇచ్చాడు. కింద అంచున చిన్న అక్షరాలతో తాలూకా కేంద్రంలో ప్రింటింగ్ ప్రెస్ పేరుంది, తెలుగులో. ఈసారి నేను నోరెత్తలేదు. ఇది జరిగి నలభై ఏళ్ళయింది. చలికాలంలో మోకాలు పట్టేసినప్పుడల్లా ఆయన్ని తలుచుకుంటాను. ఆ సినిమాలో దెబ్బలు తినే ప్రతి గురువులోనూ ఆయన మొహమే కనబడుతుంది నాకు, ఆఖరికి పాపం ఏ తప్పూ చేయని ఛిన్‌లో కూడా.

అయితే పసుపు బెల్టు మాత్రం విప్పలేదు. ఆ సార్వాకి అమ్మమ్మగారి ఊరు వెళ్తే, ఊడ్పులు చూడ్డానికి దాన్ని కట్టుకునే పొలం వెళ్ళాను. దమ్ము చేసిన చేను, అద్దంలా నీళ్ళు. ఆడవాళ్ళు పదిహేను మంది బారుగా మునుం పట్టి వెనక్కి వెనక్కి నడుస్తున్నారు. వరి నాటేవాళ్ళు వెనక్కే నడుస్తారు. ముందుకి నడిస్తే నాటింది తొక్కుతారు. ఎడం చేతిలో ఆకుకట్ట, కుడిచేతి బొటనవేలూ రెండువేళ్ళ మధ్య పరకలు. చెయ్యి నీళ్ళలోకి వెళ్ళి వచ్చినట్టే తెలియదు, ఎదురుగా పచ్చగా వరస ఉంటుంది. ఓస్, ఇంతేనా అనుకున్నాను. బెల్టు నడుముకి బిగించి మునుంలో చివర దిగాను.

గంటలో వాళ్ళకంటే రెండు గజాలు ముందున్నాను, అంటే వెనకున్నాను. కుదురుకి ఏడెనిమిది పరకలు పట్టి, బొటనవేలు మొదలంటా దించి గుచ్చుతున్నాను, గాలికి పడకుండా. మేస్త్రమ్మ నడుం ఎత్తి నా వరస వంక చూసింది. ‘‘అబ్బాయిగారూ, ఇది బతకడానికా అండీ, పూడ్చిపెట్టడానికా?’’ అంది. పదిహేను మందీ ఘొల్లుమన్నారు. ఆపైన ఆవిడేం అనలేదు. తన వరస పక్కవాళ్ళకి అప్పజెప్పి, నా మునుం మొదటికి పోయి, నేను గుచ్చిందంతా పీకుతూ, రెండేసి మూడేసి పరకలుగా పైపైన ఆనిస్తూ వచ్చింది. నేను గట్టుమీద కూర్చుని పిక్కకి పట్టిన జలగ మీద ఉప్పు చల్లుకున్నాను.

ఆవిడ చేసింది ఎందుకో నాకు తర్వాత తెలిసింది. వరి పరకకి ప్రాణమంతా మొదట్లో ఉంటుంది, పిలకలు అక్కణ్ణుంచే లేస్తాయి. రెండు మూడు సెంటీమీటర్ల కంటే లోతుకి దించితే ఊపిరాడదు, పిలక వేయడం మానేస్తుంది. ఒకచోట పది పెడితే ఒకదాన్నొకటి నెట్టుకుని సన్నగా పొడుగ్గా సాగి, పైరుగాలికి పడిపోతాయి. మూడు పెడితే దుబ్బు కట్టి గుప్పిట పట్టనంత అవుతుంది. ఆ చేలో వేసింది స్వర్ణ, మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో విడుదల చేసిన ఎంటీయూ 7029. పిలకల విషయంలో స్వర్ణని మించింది నేను చూడలేదు. చదరపు మీటరుకి ముప్పై మూడు కుదుళ్ళు చాలంటారు. పైగా ప్రతి రెండు మీటర్లకీ జానెడు బాట వదలాలి, గాలీ వెలుతురూ ఆడకపోతే మొదళ్ళలో సుడిదోమ చేరుతుంది. శ్రీ పద్ధతిలో అయితే పది పన్నెండు రోజుల పసి నారు, కుదురుకి ఒక్కటంటే ఒక్కటే పరక, ఇటూ అటూ పాతిక సెంటీమీటర్లు. మొదటి నెల ఆ చేను చూస్తే రైతుకి గుండె జారుతుంది, నేలే కనిపిస్తుంది మరి. మా తాతయ్య ఉంటే గట్టుమీదే కళ్ళు తిరిగి పడిపోయేవాడు. పలచగా నాటితే ఊళ్ళో నవ్వుతారని ఆయనకో బెంగ, చేను నలుగురి కళ్ళకీ నిండుగా కనబడాలి ఆయనకి. ఆవిడ నా వరస పీకుతుంటే ఆయన గట్టుమీంచి ‘‘ఉంచవే, ఒత్తుగా ఉంది’’ అన్నాడు. ఆవిడ వినిపించుకోలేదు.

ఈ ఏడు సార్వా ఊడ్పులు అయ్యాయో లేదో కనుక్కుందామని, ఆ ఆదివారం రాత్రే పొలం చూసుకుంటున్న మా పిన్నికొడుక్కి ఫోన్ చేశాను. మనుషులు దొరకట్లేదట, నాటే యంత్రం పెట్టాడట. ట్రేల్లో పెంచిన నారు చాపలా చుట్టి ఎక్కిస్తే అదే నాటుకుపోతుందట, వరసకీ వరసకీ ముప్పై సెంటీమీటర్లు, వెంట్రుకవాసి తేడా రాదట.

‘‘కుదురుకి ఎన్ని పరకలు పెడుతోందిరా?’’ అన్నాను.

‘‘ఏమో అన్నయ్యా, దిగి చూడాలి’’ అన్నాడు. ‘‘బురదగా ఉంది.’’